చదివించే గుణం

మన విమర్శకుల పరిభాషలో "చదివించే గుణం" అనే మాట చాలాకాలంగా వుంది. దాని వాడకం కొంచెం విచిత్రంగా వుంటుంది. ఒక రచనను మెచ్చుకోవలసి వచ్చినప్పుడు ఆ మాటను చిట్టచివర, మొహమాటంగా వాడతాం: శిల్పంలో లోపాలున్నా చదివించే గుణం వుందంటాం. అదే రచనను తిట్టవలసి వస్తే ఆ మాట మొదటి వాక్యంలోనే వస్తుంది: చదివించే గుణం తప్ప ఇందులో మరేమీ లేదంటాం. ఎటు తిరిగినా అది మనకు సాహిత్యగుణంగా కనిపించదు. అంగడివాడు తూకంలో చేసే చేతివాటంలాగా కనిపిస్తుంది. అట్లా చూస్తూనే సభల్లో మాత్రం సాహిత్యం ప్రజల్లోకి వెళ్లాలని తీర్మానాలు చేస్తాం. చదవని ప్రజల్లోకి ఎట్లా వెళ్లాలో ఆ తీర్మానాల్లో వుండదు.

దీన్ని శిల్పానికి సంబంధించిన చిన్న చర్చగా వదిలేయడం నాకు ఇష్టంలేదు. ఇది నైతిక సమస్య. రోజంతా పనిచేసి వచ్చిన మనిషికి తనదంటూ మిగిలేది గంటో గంటన్నరో. హాస్టలులో చదువుకునే కుర్రవాడికీ అంతే. నాలుగు తరగతుల జవాబుపత్రాలు ముందేసుకుని కూర్చున్న ఉపాధ్యాయురాలికీ అంతే. ఆ గంటలో నా వ్యాసం చదవమని నేను అడుగుతున్నాను. అడగడానికి నాకేం హక్కు వుంది? ఆకర్షించి ఆ గంటను తీసుకుంటే ఆ మనిషికి నేను ఏం బాకీపడ్డాను? ఆకర్షించే ప్రయత్నమే చెయ్యకుండా, "చదివితే చదువు, లేకపోతే నీ ఖర్మ" అనే ధోరణిలో రాస్తే, అది నిజాయితీ అవుతుందా, అహంకారమవుతుందా?

గాలిలో తర్కించడంకంటే, ఈ సమస్య తన ఆధునిక రూపంలో స్పష్టంగా కనిపించిన ఒక చోటికి వెళ్లి చూడటం మేలు. ఆ చోటు పారిస్ నగరం. కాలం 1836.

ఆ ఏడాది జూలైలో ఎమిల్ ద జిరార్దాఁ అనే ఆయన "లా ప్రెస్" అనే దినపత్రిక ప్రారంభించాడు. అప్పటికి అక్కడి దినపత్రికల సాలు చందా 80 ఫ్రాంకులు. జిరార్దాఁ తన పత్రికను 40 ఫ్రాంకులకే ఇచ్చాడు. తక్కువపడిన సొమ్మును ప్రకటనలిచ్చే వర్తకుల దగ్గర రాబట్టాడు. పైకి చూస్తే ఇది పాఠకుడికి చేసిన మేలు. కొంతవరకు నిజంగా మేలే. కాని లోపల లెక్క తిరగబడింది. అంతకుముందు పత్రిక సరుకు, పాఠకుడు కొనుగోలుదారు. ఇప్పుడు పాఠకుడే సరుకైనాడు. అతణ్ణి వేల సంఖ్యలో పోగుచేసి వర్తకుడికి చూపించి డబ్బు తీసుకోవడం పత్రికాధిపతి పని అయింది. ఆ సరుకు నిలవ వుండాలంటే పాఠకుడు ప్రతి ఉదయం మానకుండా పత్రిక విప్పాలి. వార్తలు ప్రతిరోజూ అంత రంజుగా వుండవు. అందుకని పేజీ అడుగున ఒక గీత గీసి, దాని కింద నవల పెట్టారు. రోజుకొక ముక్క. ముక్క సరిగ్గా ఎక్కడ తెగాలో అక్కడ తెగుతుంది, మిగతాది రేపు. మన వారపత్రికల సీరియలుకు ముత్తాత అదే.

ఆ గీత కింద రాసినవాళ్లలో బాల్జాక్ వున్నాడు, డ్యూమా వున్నాడు. మన చర్చకు పనికొచ్చేవాడు యూజీన్ స్యూ. ఇతను ఓడల్లో వైద్యుడుగా పనిచేసి, తండ్రి ఆస్తి చేతికి రాగానే పారిస్ నగరంలో షోకిలాగా తిరిగి, దాన్ని హారతి కర్పూరం చేసినవాడు. సముద్రం మీద నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు. 1842 జూన్ నుంచి 1843 అక్టోబరు దాకా "జుర్నాల్ దె దెబా" అనే పత్రికలో "పారిస్ రహస్యాలు" అనే నవల రాశాడు. అది ప్రభుత్వ పక్షాన నిలిచే సంపన్నుల పత్రిక. ఇతను రాసింది మాత్రం దొంగలు, వేశ్యలు, చిల్లిగవ్వ లేని శ్రామికులు నివసించే సందుగొందుల గూర్చి. సంపన్నులు పొద్దున్నే కాఫీ తాగుతూ నగరపు మురికిని చూసి ఒళ్లు జలదరింపజేసుకున్నారు. అదే ముక్కను చదువురాని పనివాళ్లకు చదువొచ్చినవాళ్లు పైకి చదివి వినిపించారు. పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణాల్లో దానికోసం జనం ఎగబడ్డారు.

కథ ఏమిటంటే, రొడోల్ఫ్ అనే జర్మన్ రాజవంశీకుడు పనివాడి వేషం వేసుకుని పారిస్ మురికివాడల్లో తిరుగుతుంటాడు. చెడ్డవాళ్లను శిక్షిస్తాడు, మంచివాళ్లను ఉద్ధరిస్తాడు. ఫ్లర్ ద మారీ అనే అనాథపిల్లను వీథిలోంచి లేవనెత్తుతాడు. ఆమె చివరికి అతని కూతురేనని తేలుతుంది. గత జీవితాన్ని తలచుకుని కుమిలి, మఠంలో చేరి చనిపోతుంది. రత్నాలకు సాన పట్టే మొరెల్ అనే పనివాడు ఆకలితో, చలితో, పిల్లలతో అటకమీద బతుకుతుంటే రొడోల్ఫ్ సరిగ్గా వేళకు వచ్చి ఆదుకుంటాడు. మారువేషంలో తిరిగి ప్రజల కష్టాలు తెలుసుకునే రాజు మన కాశీమజిలీ కథల పాఠకులకు కొత్తవాడేమీ కాదు.

ఈ నవలను విమర్శించినవాళ్లలో ఒకడు పాతికేళ్లు దాటీదాటని కార్ల్ మార్క్సు. 1845లో ఎంగెల్సుతో కలిసి వెలువరించిన "పవిత్ర కుటుంబం"లో ఆయన దీనికి చాలా పేజీలు కేటాయించాడు. ఆ నవలలో గొప్ప తత్త్వరహస్యాలు కనిపెట్టిన ఒక జర్మన్ విమర్శకుణ్ణి ఎగతాళి చెయ్యడం ఆయన మొదటి ఉద్దేశం. కాని పనిలోపనిగా నవలనూ చీల్చి చూపాడు. మొదట్లో ఫ్లర్ ద మారీకి ప్రాణం వుంది, ధైర్యం వుంది, లోకం మీద ఇష్టం వుంది. ఉద్ధారకుల చేతిలో పడ్డాక పాపభీతి తప్ప ఆమెలో ఏమీ మిగలలేదు. రొడోల్ఫ్ పేదల కోసం పెట్టిన బ్యాంకు సంగతి మార్క్సు అంకెలు వేసి మరీ తేల్చాడు: ఆ సొమ్ము నిరుద్యోగుల ఆకలి ముందు ఏ మూలకూ రాదు. ఒక దొర మంచితనం మీద ఆధారపడిన న్యాయం న్యాయం కాదన్నదే ఆ విమర్శ సారాంశం. అది నూటికి నూరుపాళ్లు సరైన విమర్శ. మన సినిమాల్లో ఒక్కడే వచ్చి వూరినంతా బాగుచేసే కథానాయకుణ్ణి చూసినప్పుడల్లా ఆ పేజీలు మళ్లీ చదవాలనిపిస్తుంది.

విషయం అక్కడితో ముగిసివుంటే మన పని తేలికయ్యేది. ఆకర్షణ అంటే బూర్జువా పత్రికాధిపతి ఎర, మార్క్సు దాన్ని బట్టబయలు చేశాడు, ఇక చాలు అనుకునేవాళ్లం. కాని తర్వాత జరిగిందేమిటో చూడండి.

నవల సాగుతున్నకొద్దీ స్యూకు వందల కొద్దీ ఉత్తరాలు రావడం మొదలైంది. పనివాళ్లు రాశారు, స్త్రీలు రాశారు, వైద్యులు రాశారు, జైళ్ల సంగతి తెలిసినవాళ్లు రాశారు. "మీరు మా బతుకు రాస్తున్నారు, కాని ఇది సరిగా రాయలేదు" అన్నవాళ్లున్నారు. "మా ఇంట్లో జరిగింది ఇంకా ఘోరం" అన్నవాళ్లున్నారు. షోకిలాగా మొదలుపెట్టిన మనిషి ఈ ఉత్తరాల ఒత్తిడిలో మారాడు. నవల రెండో సగంలో కథ ఆపి మరీ, పేదవాడికి కోర్టు ఖర్చులు అందుబాటులో లేకపోవడం గూర్చి, జైళ్ల గూర్చి, కుదువ దుకాణాల గూర్చి, పని దొరకని రోజుల గూర్చి రాయసాగాడు. శిల్పదృష్టితో చూస్తే ఆ భాగాలు అతుకులే. అయితే అతుకులు వేయించినవాళ్లు పాఠకులు. 1844లో "ల కోన్‌స్తిత్యూస్యొనెల్" పత్రిక అతని తరువాతి నవలకు లక్ష ఫ్రాంకులిచ్చింది. మూడు నాలుగు వేల చందాదారులున్న ఆ పత్రికకు చందాదారులు ఇరవై వేలు దాటారు. అంత డబ్బు చేతికొచ్చాక కూడా అతను తిరిగి పాత షోకిలాతనానికి పోలేదు. నానాటికీ ఎడమ పక్కకే జరిగాడు.

1850 ఏప్రిల్‌లో పారిస్ ఉప ఎన్నికలో సోషలిస్టుల పక్షాన నిలబడి గెలిచాడు. పాలకవర్గానికి చెమటలు పట్టాయి. మే 31న కొత్త ఎన్నికల చట్టం తెచ్చి, వోటర్లలో దాదాపు మూడో వంతు మందికి, అంటే సుమారు 30 లక్షల మందికి, వోటు తీసేశారు. వాళ్లలో ఎక్కువమంది పనికోసం వూళ్లు మారే శ్రామికులు. జూలైలో మరో చట్టం వచ్చింది. రియాన్సె అనే రాచపక్షపు సభ్యుడు ఇచ్చిన సవరణ ప్రకారం, సీరియలు నవల అచ్చువేసిన పత్రిక ప్రతి ఒక్కొక్క దానిమీద అదనంగా ఒక సెంటీము స్టాంపు పన్ను కట్టాలి. నవల లేని పత్రికకు ఆ పన్ను లేదు. ఒక సాహిత్య రూపం మీద, దాని చదివించే గుణం మీద, ప్రభుత్వం విధించిన జరిమానా ఇది. 1851 డిసెంబరులో లూయీ బోనపార్టు కుట్రతో అధికారం చేజిక్కించుకున్నాక స్యూ దేశం విడిచిపోయి, 1857లో అన్సీలో, ప్రవాసంలోనే చనిపోయాడు.

మార్క్సు చెప్పింది తప్పా? కాదు. రియాన్సె భయపడింది అనవసరంగానా? అదీ కాదు. రెండూ నిజమే కాబట్టి మనం ఇంకొంచెం లోతుకు పోవాలి.

కథ వినేవాడిలో రెండు రకాల కుతూహలాలు పుట్టించవచ్చు. ఒకటి "తర్వాత ఏమైంది?" అనేది. రెండోది "ఎందుకట్లా అయింది?" అనేది. మొదటిది అందరిలోనూ పుట్టుకతోనే వుంటుంది. దాన్ని లేపడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు, సమయానికి తలుపు చప్పుడైతే చాలు. రెండోది అంత సులభంగా లేవదు. దానికి కొంత తీరిక కావాలి, కొంత ధైర్యం కూడా కావాలి. ఎందుకంటే "ఎందుకు" అని అడిగినవాడికి చాలాసార్లు తన యజమానో, తన ఇల్లో, తనో జవాబుగా కనిపించే ప్రమాదం వుంది. పత్రికాధిపతికి కావలసింది మొదటి కుతూహలమే. అది ప్రతిరోజూ తీరి, ప్రతిరోజూ మళ్లీ పుడుతుంది. దానికి అంతం లేదు, దాని వల్ల ఎవడికీ నష్టం లేదు. రొడోల్ఫ్ ఆ కుతూహలానికి తగిన నాయకుడు. మొరెల్ ఆకలి "ఎందుకు" అనే ప్రశ్నగా మారేలోపలే అతను తలుపు తట్టి లోపలికి వస్తాడు. మార్క్సు పట్టుకున్న లోపం ఇక్కడిదే అని నా అభిప్రాయం.

కాని పాఠకులు జిరార్దాఁ లెక్కల్లో వున్నంత సాధువైన సరుకు కాదు. "తర్వాత ఏమైంది" అని చదువుతూ చదువుతూ వాళ్లు "ఎందుకు" దగ్గరికి వచ్చి, రచయితను కూడా అక్కడికి లాక్కొచ్చారు. అందుకని ఆకర్షణను నిందించేటప్పుడు మనం దేన్ని నిందిస్తున్నామో తెలిసి నిందించాలి. మొదటి కుతూహలాన్ని లేపడం తప్పు కాదు; దాన్ని రెండోదాని దగ్గరికి పోనివ్వకుండా అక్కడే తిప్పుతూ వుండటం తప్పు.

ఇక్కడ మన మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. విషయం స్వభావరీత్యా కఠినమైతే ఏం చెయ్యాలి? అదనపు విలువను సీరియలు నవలలాగా చెప్పగలమా? ఈ ప్రశ్నకు మార్క్సు జీవితంలోనే ఒక జవాబు వుంది. 1872లో "పెట్టుబడి" ఫ్రెంచి అనువాదాన్ని విడివిడి భాగాలుగా అమ్మాలని ప్రచురణకర్త మారిస్ లాషాత్ర్ ప్రతిపాదించాడు. ఈ లాషాత్ర్ ఎవరనుకున్నారు? స్యూ చివరి పెద్ద రచన "ప్రజల రహస్యాలు" ప్రచురించి, 1857లో జైలుశిక్ష పడినవాడు. మార్క్సు ఆ ప్రతిపాదనను సంతోషంగా ఒప్పుకున్నాడు. అట్లా వస్తే శ్రామికుల చేతికి అందుతుంది, అదే తనకు ముఖ్యమన్నాడు. దానితోపాటే తన భయమూ చెప్పాడు: తొలి అధ్యాయాలు కఠినం, ఫలితం కోసం తొందరపడే పాఠకులు అక్కడే ఆగిపోతారేమోనని. ఆ భయానికి తనవద్ద మందు లేదనీ, ముందుగా హెచ్చరించడం తప్ప గత్యంతరం లేదనీ ఒప్పుకున్నాడు. 1875 దాకా 44 భాగాలుగా ఆ గ్రంథం వెలువడింది. స్యూను చీల్చినవాడే స్యూ దారిలో, స్యూ ప్రచురణకర్త చేతుల మీదుగా శ్రామికుల దగ్గరికి పోవడానికి సిగ్గుపడలేదు. అట్లాగని సరుకును గూర్చిన అధ్యాయాన్ని తీసేసి, దాని స్థానంలో ఫ్యాక్టరీ పిల్లల కన్నీటికథ మొదట పెట్టలేదు. రూపంలో ఎంత వంగవచ్చో అంతా వంగి, విషయంలో వంగకుండా, కష్టాన్ని కష్టమని ముందే పాఠకుడికి చెప్పాడు. "ఇది సులభం" అని మోసం చెయ్యకపోవడం కూడా పాఠకుణ్ణి గౌరవించడమే.

మన దేశానికి వస్తే, ఈ విషయంలో మనకు గురజాడ వున్నాడు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరుగుతున్న కన్యాశుల్క వివాహాల పట్టిక తయారు చేయించాడు. మూడేళ్లలో జరిగిన అటువంటి పెళ్లిళ్లు 1,034 అని తేలింది. ఏడాది వయసు పిల్లలను కూడా అమ్మినట్లు అందులో వుంది. గురజాడ తన నాటకానికి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఆ లెక్కలిచ్చాడు. ఇంతకంటే ఘోరమైన సత్యం ఏముంటుంది? అయినా ఆ పట్టిక చదివి ఎవరి నిద్రా చెడలేదు. ఆ 1,034 ఈనాడు ఎవరికైనా గుర్తుందంటే, దాని వెనక నాటకం వుండబట్టి.

నాటకంలో ఆయన ఏం చేశాడు? 1892లో మొదట ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, మళ్లీ 1909లో దాదాపు కొత్తగా తిరగరాసిన ఆ నాటకంలో మనల్ని పట్టి కూర్చోబెట్టేది సౌజన్యారావు పంతులు కాదు. గిరీశం. బొంకులదిబ్బ మీద మొదలుపెట్టి చివరిదాకా అతని నోటికి విశ్రాంతి లేదు. అబద్ధాలు, అప్పులు, ఇంగ్లీషు ముక్కలు, సంస్కరణోపన్యాసాలు అన్నీ ఆ నోట్లో కలగలిసి వస్తాయి. అతను మోసగాడని మనకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే నవ్వుతాం. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో ఒకచోట, వితంతు వివాహం మీద ఇతను దంచుతున్న ఉపన్యాసంలో సగం వాక్యాలు మనం నిన్న సభలో చెప్పినవేనని తోస్తుంది. ఆ క్షణంలో "తర్వాత ఏమైంది" అనే కుతూహలం ఆగిపోయి, ఇటువంటివాడి నోట సంస్కరణ ఇంత అందంగా ఎందుకు పలుకుతున్నదనే ప్రశ్న మొదలవుతుంది. గిరీశం లేకపోతే కన్యాశుల్కం ఒక మంచి కరపత్రం అయ్యేది. గురజాడకు ఆ విషయం తెలుసు కాబట్టే రెండో కూర్పులో అతనికి మరింత నోరిచ్చాడు. వాడుక భాష గూర్చి పండితులు చేసిన గోలకు వెరవకపోవడం కూడా ఇందులో భాగమే. నాటకం చూడవచ్చిన మనిషిని గుమ్మం దగ్గర వ్యాకరణ పరీక్ష పెట్టి వెనక్కి పంపడం ఆయనకు ఇష్టం లేదు.

మన ఉద్యమంలో బుర్రకథకులు ఈ సంగతిని సిద్ధాంతంగా కాకుండా పనిగా తెలుసుకున్నారు. ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్ చెప్పిన "అల్లూరి సీతారామరాజు", "పల్నాటి యుద్ధం" వినడానికి వచ్చినవాళ్లు టిక్కెట్టు కొన్నవాళ్లు కారు. కూర్చోమని వాళ్లనెవరూ కట్టేయలేదు. బాగాలేకపోతే గోచీ దులుపుకుని లేచిపోతారు. ఆ భయమే ఆ కళను తీర్చిదిద్దింది. మధ్య కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, మరో పక్క రాజకీయం చెప్పే వంత. హాస్యగాడు అడ్డు తగులుతాడు, అర్థం కానట్టు అడుగుతాడు, వెటకారం చేస్తాడు. జనం తమ సందేహాలను అతని నోట విని నవ్వుతారు. ఆ నవ్వు చల్లారకముందే రాజకీయ వంత అందుకుంటాడు. ఇక్కడ నేను గమనించమనేది ఒకటి వుంది. ఈ ఎత్తుగడ ఏదీ దాచిపెట్టింది కాదు. నవ్వించడానికి ఒకడు, ఆలోచింపజేయడానికి ఒకడు నిలబడ్డారని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. తెలిసినంతమాత్రాన దాని పట్టు సడలదు.

నైతికంగా నాకు ఇది మంచి కొలబద్దగా తోస్తుంది. నిన్ను ఎట్లా ఆకర్షిస్తున్నానో నీతోనే చెప్పేసినా ఆ ఆకర్షణ నిలుస్తుందా? బుర్రకథ నిలుస్తుంది, గిరీశం నిలుస్తాడు. ఈనాడు ఫోను తెర మీద కనిపించే వార్తా శీర్షికల్లో చాలా భాగం నిలవవు. "ప్రముఖ నటుడి ఇంట్లో విషాదం" అని వుంటుంది. నటుడి పేరుండదు, విషాదం ఏమిటో వుండదు. విప్పి చూస్తే ఆయన పెంపుడు కుక్క చనిపోయి వుంటుంది. (కుక్క చావు విషాదం కాదని నేననడం లేదు.) "మేము పేరు దాచింది మీ వేలు ఇక్కడ పడాలని" అని పక్కనే రాస్తే ఎవడూ విప్పడు. ఆ ఆకర్షణ దాపరికం మీదనే బతుకుతున్నది. జిరార్దాఁ కాలంలో ఏడాదికొకసారి చందాతో లెక్కించిన పాఠకుణ్ణి ఇప్పుడు క్షణాలతో లెక్కిస్తున్నారు. ఏ వాక్యం దగ్గర వేలు ఆగింది, ఎక్కడ జారిపోయింది అన్నది కూడా అమ్మకానికి పనికొచ్చే లెక్కే. పత్రికలో పనిచేసే కుర్రవాణ్ణి దీనికి తిట్టి ప్రయోజనం లేదు. అతని ఉద్యోగం ఆ అంకెల మీద ఆధారపడి వుంది.

డిటెక్టివు నవలల మీద మన పెద్దలు చూపిన చిరాకు, 1980ల్లో చేతబడి నవలల మీద "క్షుద్ర సాహిత్యం" అంటూ జరిగిన పోరాటం, వీటి జోలికి ఇక్కడ విస్తరించి పోను. రెండింటినీ ఒకే గాట కట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివు యుగంధర్ కనీసం ఆధారాలు చూసి నిర్ణయానికి వస్తాడు. ఆ పుస్తకాలతోనే చదవడం అలవాటై, తర్వాత మన పుస్తకాల దగ్గరికి వచ్చినవాళ్లు తక్కువమంది కారు. చేతబడి నవల "ఎందుకు" అనే ప్రశ్నకే సమాధి కడుతుంది.

ఇంతవరకు చెప్పిన ఉదాహరణలన్నీ నేర్పరులైన రచయితలవి. నేర్పు పెద్దగా లేని ఒక రచన సంగతి చెబుతాను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం జరిగింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు, ఎక్కువమంది కూలిజనం, అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకాల్లో సీతమ్మ కథ అనే పాఠం వుంది. తాగుడు వల్ల చితికిపోయిన ఒక సంసారం కథ. అందులో ఉత్కంఠ లేదు, ఎత్తుగడ లేదు, సాహిత్య చరిత్రల్లో దాని ప్రస్తావన రాదు. చదువుతున్నవాళ్లు అది తమ కథ అన్నారు. సీతమ్మకు ఏమైందనే దగ్గర ఆగకుండా, మన వూళ్లో సారా దుకాణం ఎందుకు వుంది, మంచినీళ్లు రాని వూరికి సారా మాత్రం వేళకు ఎట్లా వస్తున్నది అని అడిగారు. దూబగుంట ఆడవాళ్లు తమ వూరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ సంగతి తర్వాతి వాచకంలో మరొక పాఠమైంది. దాన్ని చదివి ఇతర గ్రామాల వాళ్లు లేచారు. 1992లో సారా వేలంపాటలను సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఖజానా లెక్కలు ఆడవాళ్ల లెక్కలకంటే బలమైనవి.

ఈ ఉద్యమాన్ని ఒక పాఠమే తెచ్చిందనడం అతిశయోక్తి. రాత్రి బడిలో పదిమంది కలిసి కూర్చోవడం, కార్యకర్తల శ్రమ, ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్న కోపం, ఇవన్నీ కలిశాయి. అయినా నా చర్చకు కావలసినంత ఇందులో వుంది. అక్షరం కూడబలుక్కుని చదివే మనిషి, అంటే చదవడమే ఒళ్లునొప్పి పని అయిన మనిషి, ఆ పేజీని చివరిదాకా చదివింది. ఆమెను పట్టి నిలిపింది శైలి కాదు. ఆ పేజీలో ఆమె వుంది. పైగా తర్వాతి పేజీ ఏం రాయాలో ఆమే నిర్ణయించింది. స్యూకు ఉత్తరాలు రాసిన పారిస్ పనివాళ్లకూ దూబగుంట ఆడవాళ్లకూ నాకు కనిపించే బంధుత్వం ఇదే.

ఇప్పుడు మన వ్యాసాల సంగతి. మనవంటి పత్రికల్లో సగటు వ్యాసం ఎట్లా మొదలవుతుందో మీకు తెలుసు. మొదటి పేజీ నిర్వచనాలకు పోతుంది. రెండో పేజీలో ఇద్దరు ముగ్గురు విదేశీ పండితులు ఒకరినొకరు ఖండించుకుంటారు. మూడో పేజీలో రచయిత తాను ఎవరి పక్షమో చెబుతాడు. అది మనకు ముందే తెలుసు. విషయం నాలుగో పేజీలో వస్తుంది. అప్పటికి డిగ్రీ కాలేజీ విద్యార్థి పుస్తకం మూసి ఫోను తీసివుంటాడు. దానికి మనం ఫోనును తిడతాం. మనకు ప్రకటనలిచ్చేవాడు లేడు, అందుకని పాఠకుణ్ణి మనం అమ్మడం లేదు. ఆ మేరకు మన చేతులు శుభ్రమే. కాని పాఠకుణ్ణి లెక్కచెయ్యకుండా రాయడంలో మరొక రకం వాడకం వుంది. అతణ్ణి మన పాండిత్యానికి సాక్షిగా, మన శాఖలో మన స్థానానికి రుజువుగా వాడుకుంటున్నాం. అతనికి ఏ ప్రశ్న పుట్టింది, ఎక్కడ అనుమానం వచ్చింది అన్నది మనకు అక్కర్లేకుండా పోయింది. కఠినమైన విషయం వేరు, కఠినంగా రాయడం వేరు. మార్క్సు మొదటిదానికే క్షమాపణ చెప్పుకున్నాడు.

కొన్ని జిల్లాల్లో అధ్యయన బృందాలు వ్యాసాన్ని అచ్చుకు ముందు పదిమందిలో పైకి చదివించే పద్ధతి పెట్టుకోవచ్చు. ఖర్చేమీ లేదు, ఒక సాయంత్రం, ఒక బల్ల, టీ. వినేవాళ్లలో సాహిత్య విద్యార్థులు కానివాళ్లు, లెక్కల మాస్టరో, ఆర్టీసీ కార్మికుడో, ఆశా కార్యకర్తో, ఇద్దరు ముగ్గురైనా వుండాలి. ఎవరు ఎక్కడ కదిలారో, ఎక్కడ "ఎందుకు?" అని అడిగారో అంచున గుర్తుపెట్టుకుంటే చాలు. అడిగినచోట వ్యాసం పెరగాలి, కదిలినచోట తగ్గాలి. మరొకటి, ఉత్తరాల శీర్షిక. సంచిక చివర, చోటు మిగిలితే, అరపేజీలో నాలుగు మెచ్చుకోళ్లు వేసి సరిపెడుతున్నాం. అరపేజీ బదులు ఆరు పేజీలివ్వండి. మెచ్చుకోళ్లు తీసేసి, "ఇది సరిగా రాయలేదు" అన్న ఉత్తరాలు వెయ్యండి. జవాబు చెప్పే బాధ్యత సంపాదకుడి మీద కాక వ్యాసకర్త మీద, తర్వాతి సంచికలోనే చెప్పాలనే షరతుతో పెట్టండి. ఈ వ్యాసానికి వచ్చేవాటితోనే మొదలుపెట్టవచ్చు.